ఫీనిక్స్ ఎండకు కొండ మీద క్యాబిన్: ఏ ఊరు చల్లన, ఏది డబ్బుకు తగ్గది

జూలైలో అమెరికా అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ శివార్లు చాండ్లర్, గిల్బర్ట్ వైపు చన్నీళ్ల కుళాయి తిప్పినా వేడినీళ్లే వస్తాయి. మన దగ్గర రోళ్లు పగిలే ఎండలంటే రోహిణి కార్తె పద్నాలుగు రోజులు. ఫీనిక్స్‌లో ఆ కార్తె మే చివర మొదలై సెప్టెంబరు దాకా సాగుతుంది. 2023లో వరసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 43 సెల్సియస్‌కు తగ్గలేదు. 2024లో వరసగా 113 రోజులు పగటి వేడి వంద లోపుకు రాలేదు. అందుకే ఇంటెల్, టీఎస్ఎంసీ చిప్ ఫ్యాక్టరీల చుట్టుపక్కల కాపురాలుండే మనవాళ్లు శుక్రవారం లాప్‌టాప్ మూయగానే కొండ దారి పడతారు. ఆ కొండ ఊళ్లలో అద్దెకిచ్చే క్యాబిన్లు, అంటే చిన్న చెక్క ఇళ్లు, పెట్టిన డబ్బుకు ఎంతవరకు తగినవో ఇక్కడ చూద్దాం. సెల్సియస్ అని చెప్పనిచోట డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే, అక్కడ బతికేవాళ్లకు అవే అలవాటు.

తీర్పు ముందే చెప్పేస్తే: జూన్, జూలైల్లో 7,000 అడుగులకు బాగా తక్కువ ఎత్తులో, ఏసీ లేని క్యాబిన్‌కు డబ్బు పెట్టొద్దు. దేవదారు చెట్లు, చెక్క గోడలు, వరండాలో ఊగుడు కుర్చీ ఫొటోలో ఎంత చల్లగా కనబడినా సరే.

లెక్క తేలికే. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. ఫీనిక్స్ ఎత్తు దాదాపు 1,100 అడుగులు, ఫ్లాగ్‌స్టాఫ్ 6,900. జూలై పగటి సగటు ఫీనిక్స్‌లో 106 దగ్గర, ఫ్లాగ్‌స్టాఫ్‌లో 82 దగ్గర. అసలు లాభం మాత్రం రాత్రిది. ఫీనిక్స్‌లో కాంక్రీటు, తారు పగలంతా తాగిన వేడిని తెల్లవార్లూ కక్కుతాయి, అర్ధరాత్రి కూడా 90 దాటి ఉండే రోజులు బోలెడు. ఫ్లాగ్‌స్టాఫ్‌లో జూలై రాత్రి యాభైల్లోకి దిగుతుంది. ఆ రాత్రి గాలే అక్కడి ఏసీ, క్యాబిన్ దాన్ని లోపలికి తీసుకుని పగలు దాచుకోగలగాలి.

ఊళ్ల సంగతి. పేసన్ అందరికంటే దగ్గర, బీలైన్ హైవే మీద సుమారు 90 మైళ్లు, గంటన్నర. కానీ ఎత్తు 5,000 లోపే. జూలై మధ్యాహ్నాలు 90 దాటడం మామూలు. ఏసీ ఉంటే ఒక రాత్రికి పర్వాలేదు, లేకపోతే వద్దు. దాని పైనున్న పైన్, స్ట్రాబెరీ అనే ఊళ్లు కొంచెం నయం, కొంచెమే. ప్రెస్కాట్ కూడా 5,400 అడుగులే; ఊరు అందమైనది, వేసవి విడిది మాత్రం కాదు. సెడోనా గురించి అడగనే వద్దు. 4,300 అడుగులు, ఎర్ర రాళ్లు, ఎండ. అక్టోబరులో వెళ్లాల్సిన చోటు అది.

ఫ్లాగ్‌స్టాఫ్ ఐ-17 హైవే మీద సుమారు 145 మైళ్లు, రెండుంబావు గంటలు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇదే సరైనది: ఆసుపత్రి, పెద్ద కిరాణా దుకాణాలు, చెయ్యడానికి పనులు అన్నీ ఉన్నాయి. ఒక్క లోపం రైళ్లు. ఊరి నడిబొడ్డునే బీఎన్ఎస్ఎఫ్ రైలు కంపెనీ లైను పోతుంది, రాత్రంతా గూడ్సు బళ్లే. మ్యాప్‌లో క్యాబిన్‌కూ పట్టాలకూ దూరం చూసుకోండి. పడమటనున్న పార్క్స్, దక్షిణాన మోర్మన్ లేక్ చుట్టుపక్కల ఏడు వేల అడుగులు దొరుకుతుంది, ఊరి రద్దీ ఉండదు. మండ్స్ పార్క్ ఇంకాస్త కింద, 6,500 దగ్గర. సీలింగ్ ఫ్యాన్లు ఉన్నాయని ఖాయం చేసుకున్నాకే తీసుకోవాలి.

వైట్ మౌంటెన్స్‌లోని పైన్‌టాప్-లేక్‌సైడ్ ఏడు వేల అటూ ఇటూ. దూరం మూడున్నర గంటలు. మూడు రాత్రులు దొరికితే ఫ్లాగ్‌స్టాఫ్ కంటే ఇదే మంచిది, మనుషులు తక్కువ, చెరువులు ఎక్కువ. దారి రెండు రకాలు: పేసన్ మీదుగా 260 నంబరు రోడ్డు, లేదా గ్లోబ్ మీదుగా యూఎస్ 60 హైవే. రెండోది సాల్ట్ రివర్ లోయలోకి మెలికలు తిరిగి దిగి మళ్లీ ఎక్కుతుంది. చూపు అద్భుతం, కానీ కార్లో వాంతులయ్యే పిల్లలుంటే పేసన్ దారే పట్టండి.

గ్రీర్ అన్నిటికంటే చల్లన. 8,300 అడుగుల పైమాటే, లిటిల్ కొలరాడో నది అక్కడ ఒక చిన్న ఏరు. జూలై మధ్యాహ్నం డెబ్బైల్లో ఉంటుంది, పొద్దున్నే స్వెటర్ కావాలి. నాలుగు గంటల ప్రయాణం. సరుకులు షో లో అనే ఊళ్లోనో, స్ప్రింగర్‌విల్‌లోనో కొనుక్కుని పోవాలి. ఇండియా నుంచి వేసవికి వచ్చిన అమ్మానాన్నలకు గుండె జబ్బో ఊపిరితిత్తుల ఇబ్బందో ఉంటే మాత్రం ఆ ఎత్తుకు తీసుకెళ్లే ముందు డాక్టరును అడగాలి. మొదటి రోజు తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఆరోగ్యవంతులకూ వస్తాయి. నీళ్లు బాగా తాగడం, తొలిరోజు నడకలు తగ్గించడం దానికి మందు. తలనొప్పి ముదిరి వాంతులు, ఆయాసం తోడైతే కిందికి దిగిపోవడమే.

ట్యూసన్ వాళ్లకు మౌంట్ లెమన్ మీది సమ్మర్‌హేవెన్ ఉంది. కాటలీనా హైవే మీద 27 మైళ్లలో నాగజెముళ్ల నుంచి దేవదారుల దాకా తీసుకెళుతుంది. ట్యూసన్‌లోనే పెట్రోలు నింపుకుని ఎక్కాలి. 2003 ఆస్పెన్ కార్చిచ్చులో ఈ ఊరు చాలా భాగం కాలిపోయింది, అందుకే అక్కడి క్యాబిన్లు ఎక్కువగా ఆ తర్వాత కట్టినవి. కిటికీలు, ఇన్సులేషన్ మెరుగ్గా ఉంటాయి.

ఇక క్యాబిన్ లోపలికి. లిస్టింగ్‌లో "ఏసీ" అని టిక్కు కనబడితే సరిపోదు. ఏ గదిలో, ఏ రకం అని మెసేజ్ పెట్టి అడగాలి. హాల్లో ఒక్క కిటికీ ఏసీ పెట్టి ఆ టిక్కు కొట్టేవాళ్లున్నారు. కొన్నిటిలో ఉండేది నీళ్ల కూలర్; జూన్ పొడి గాలికి అది బాగా పనిచేస్తుంది, జూలైలో వానలు మొదలై తేమ పెరిగాక చతికిలబడుతుంది. అన్నిటికంటే ఫొటోల్లో బాగుండేది ఏ-ఫ్రేమ్, అంటే కప్పు రెండువైపులా నేల దాకా దిగే ఇల్లు, ఎండాకాలం అన్నిటికంటే ఉడికించేదీ అదే. కప్పే గోడ కాబట్టి ఎండ నేరుగా దాని మీదే పడుతుంది, వేడి గాలి పైకి పోయి అటక గదిలో, అంటే లాఫ్ట్‌లో, పేరుకుంటుంది. పిల్లల పరుపులు వేసేది అక్కడే. సాయంత్రం ఆరింటికి కింద 78 ఉంటే పైన 88 ఉండొచ్చు.

దానికి విరుగుడు ఒక బాక్స్ ఫ్యాన్, కారులో వేసుకుని వెళ్లండి. చీకటి పడి బయటి గాలి లోపలి కంటే చల్లబడగానే లాఫ్ట్ కిటికీలో ఫ్యాన్‌ను బయటికి ఊదేలా పెట్టి, కింద నీడవైపు కిటికీలు రెండు తెరవాలి. పైనున్న వేడిని అది తోసేస్తుంది, కింది నుంచి చల్లగాలి లోపలికి లాగుతుంది. ఫ్యాన్‌ను లోపలికి ఊదేలా పెట్టడం చాలామంది చేసే పొరపాటు, దానివల్ల పైనున్న వేడి కింద కలుస్తుంది. పొద్దున ఎనిమిదింటికల్లా కిటికీలన్నీ మూసి, తూర్పు పడమర తెరలు దించేస్తే మధ్యాహ్నం మూడు దాకా చల్లదనం నిలుస్తుంది. కిటికీలకు దోమతెరలు ఉన్నాయా అని బుక్ చేసే ముందే అడగండి. లేకపోతే ఈ పద్ధతి మొత్తం దండగ.

పొగ వచ్చిన రోజున ఈ ఏర్పాటంతా తలకిందులు. మే, జూన్‌లలో ఎక్కడో ఒకచోట అడవి అంటుకుంటుంది, రాత్రిళ్లు పొగ లోయల్లోకి దిగి కూర్చుంటుంది. కిటికీ తెరవలేరు, ఏసీ లేదు. ఏసీ లేని క్యాబిన్ అసలు బలహీనత అదే. బయల్దేరే ముందురోజు గాలి నాణ్యత చెప్పే ఎయిర్‌నౌ వెబ్‌సైట్ వాళ్ల ఫైర్ అండ్ స్మోక్ మ్యాప్ చూడటం అలవాటు చేసుకోవాలి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే జూన్ మానేసి, వానలు పడ్డాక ఆగస్టులో వెళ్లడం మేలు.

"పదిమంది పడుకోవచ్చు" అన్న మాటను విడగొట్టి చదవాలి. మంచాలెన్ని, బంకు ఎన్ని, సోఫా ఎన్ని? బాత్రూములు రెండుంటే ఆరుగురికి సుఖం. పెద్దవాళ్ల కోసం కింది అంతస్తులోనే పడకగది, బాత్రూము రెండూ ఉండాలి. లాఫ్ట్ మెట్లు నిచ్చెనలంత నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులకు అవి కుదరవు. వేడినీళ్ల ట్యాంకు సాధారణంగా 40 గాలన్లు. రెండు మూడు స్నానాలు కాగానే అయిపోతుంది, మళ్లీ కాగడానికి ముప్పావుగంట. వంతులు వేసుకోండి. డ్రైనేజీ చాలాచోట్ల సెప్టిక్ ట్యాంకే కాబట్టి వెట్ వైప్స్ టాయిలెట్‌లో వేయకూడదు, తాలింపు నూనె సింకులో పోయకూడదు.

ఊరి చివర చాలారోజులు మూసి ఉన్న క్యాబిన్‌లో ఎలుక పెంటికలు కనబడితే చీపురు పట్టొద్దు. హంటా వైరస్ ఆ దుమ్ములోంచే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆ జబ్బును మొదట గుర్తించింది 1993లో ఇక్కడి ఫోర్ కార్నర్స్, అంటే నాలుగు రాష్ట్రాలు కలిసే ప్రాంతంలోనే. తలుపులు, కిటికీలు తెరిచి అరగంట బయట ఉండాలి. ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, చేతికి గ్లవుజులు వేసుకుని, పెంటికలు తడిసేలా చల్లి, అయిదు నిమిషాలు ఆగి పేపర్ టవల్‌తో తుడిచెయ్యాలి. పెంటికలు మరీ ఎక్కువుంటే ఫొటో తీసి ఓనరుకు పంపి వేరే చోటు అడగడమే.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది వంటింట్లో. ఏడు వేల అడుగుల మీద నీళ్లు 199 డిగ్రీలకే, అంటే 93 సెల్సియస్‌కే మరుగుతాయి. గిన్నెలో అన్నం వార్చితే పైన మెత్తబడి లోపల పలుకు మిగులుతుంది. కందిపప్పు గంట ఉడికించినా గింజ గింజగానే ఉండొచ్చు. ప్రెషర్ కుక్కర్ ఇంటి నుంచే తీసుకెళ్లాలి, క్యాబిన్ వంటింట్లో అది ఉండదు. కుక్కర్‌లో కూడా లెక్క కొంచెం మారుతుంది: వెయిట్ కలిపే ఒత్తిడి అంతే, బయటి గాలి ఒత్తిడి తగ్గింది. లోపల 121కి బదులు సుమారు 117 సెల్సియస్ దగ్గర ఆగుతుంది. కాబట్టి టైము నాలుగో వంతు పెంచాలి. పప్పుకు ఇంట్లో నాలుగు విజిళ్లయితే అక్కడ అయిదు, రాజ్మా, శనగలకు రాత్రి నానబెట్టడం తప్పనిసరి. రైస్ కుక్కర్ తీసుకెళితే సోనా మసూరి అరగంట నానబెట్టి, కప్పుకు రెండు మూడు చెంచాల నీళ్లు ఎక్కువ పోయండి.

స్టవ్ ఏ రకమో ముందే కనుక్కోండి. ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కర్ పనికిరాదు. గాజు పలక స్టవ్ మీద గుండ్రటి అడుగు మూకుడు కుదురుకోదు. చిమ్నీ చాలాచోట్ల పొగను బయటికి పంపదు, వడగట్టి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. ఎండుమిర్చి తాలింపు వేస్తే స్మోక్ అలారం మోగి ఊరంతా లేస్తుంది. తాలింపు పెట్టెతో పాటు పోపు కూడా ఇంటి దగ్గరే వేయించి సీసాలో పట్టుకెళ్లేవాళ్లు తెలివైనవాళ్లు. చేపల వేపుడు అసలొద్దు. వాసన పోలేదని క్లీనింగ్ ఫీజు అదనంగా వసూలు చేసే షరతు కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది.

ఇడ్లీ పిండి ఫీనిక్స్‌లోనే పులియబెట్టుకోవాలి. క్యాబిన్‌లో రాత్రి 60 లోపు ఉంటే పిండి పొంగదు, పాలు తోడుకోవు. పొంగిన పిండిని ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడ్డాక ఐస్ పెట్టెలో తీసుకెళ్లండి. డబ్బా సగమే నింపి మూత వదులుగా పెట్టాలి, పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి పిండిలోని గ్యాస్ ఉబ్బుతుంది. చిప్స్ ప్యాకెట్లు దిండ్లలా ఉబ్బేదీ ఇందుకే, పిల్లలకు అదో సరదా. కరివేపాకు, పచ్చిమిర్చి, పెరుగు ఫీనిక్స్‌లోనే కొనేయండి.

చెత్తలో అన్నం మెతుకు కూడా రాత్రి బయట వదలకూడదు. నల్ల ఎలుగుబంట్లు వస్తాయి. గొళ్లెం ఉన్న చెత్త డబ్బా లేకపోతే సంచి లోపలే ఉంచి, వెళ్లేటప్పుడు ఊరి చెత్తకుండీలో వేయాలి.

మంట విషయంలో ఓనర్లు కటువుగా ఉంటే వాళ్లను తిట్టుకోకండి. 2011లో వాలో కార్చిచ్చు 5,38,000 ఎకరాలు కాల్చింది, గ్రీర్‌లో ఇళ్లు కూడా పోయాయి. కారణం ఆర్పకుండా వదిలేసిన ఒక క్యాంప్‌ఫైర్. అడవిలో స్టేజ్ 1 ఆంక్షలుంటే క్యాంప్‌ఫైర్ కేటాయించిన స్థలాల్లోనే. స్టేజ్ 2 వస్తే కట్టెలూ బొగ్గులూ ఎక్కడా వద్దు. మూడడుగుల మేర ఎండుటాకులు లేని చోట, ఆపే వాల్వు ఉన్న గ్యాస్ స్టవ్‌కు మాత్రం సాధారణంగా వీలుంటుంది. ప్రైవేటు క్యాబిన్‌కు కౌంటీ, అంటే జిల్లా, ఆంక్షలు వేరే. తందూరీ చేద్దామని బొగ్గులు మోసుకెళ్లే ముందు చూసుకోండి. అడవినే మూసేస్తే మీ డబ్బు వాపసు వస్తుందా? ఖాళీ చేయమని ఆదేశం వస్తే ఇచ్చేవాళ్లున్నారు, పొగకూ అడవి మూతకూ ఇచ్చేవాళ్లు అరుదు. ఆ ఒక్క పేరా చదివాకే కార్డు నంబరు కొట్టాలి. ధర చూసేటప్పుడు కూడా రాత్రి రేటు నమ్మొద్దు. క్లీనింగ్ ఫీజు బసకు ఒక్కసారే కాబట్టి రెండు రాత్రులకు భారంగా అనిపించేది నాలుగు రాత్రులకు సర్దుకుంటుంది. పన్నులతో కలిపిన మొత్తాన్ని రాత్రులతో భాగించి పోల్చుకోండి.

చవకలో కావాలంటే ఫారెస్ట్ సర్వీసు వాళ్ల పాత గార్డు స్టేషన్లున్నాయి. అరిజోనాలో "రూమ్స్ విత్ ఎ వ్యూ" పేరుతో, రిక్రియేషన్ డాట్ గవ్‌లో అద్దెకిస్తారు. ఫ్లాగ్‌స్టాఫ్‌కు వాయవ్యంగా ఉన్న కెండ్రిక్ క్యాబిన్ వేసవికి సరైన ఎత్తులో ఉంది. తాగునీళ్లు మీరే తీసుకుపోవాలి: ఆరుగురికి రెండు రాత్రులకు తాగడానికీ వంటకూ 18 గాలన్లు, గిన్నెలకు మరో పది వేసుకోండి. దుప్పట్లు మీవే, ఊడ్చేది మీరే, చివరి మైళ్లు మట్టి రోడ్డు, వాన పడితే బురద. హోటలు సుఖం కోరేవాళ్లకు వద్దు. ఆకాశంలో పాలపుంత చూడాలనుకునేవాళ్లకు దీన్ని మించింది లేదు. అదే పథకంలోని క్రెసెంట్ మూన్ క్యాబిన్ ఫొటోలు చూసి జూలైకి బుక్ చెయ్యకండి, అది సెడోనాలో ఉంది.

రోడ్డు మీద బ్లాక్ కాన్యన్ సిటీ నుంచి సన్‌సెట్ పాయింట్ ఎక్కుడే ఇంజిన్లకు పరీక్ష. కూలెంట్, టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడే చూసుకుని, మనిషికి ఒక గాలన్ నీళ్లు కార్లో పెట్టుకోండి. ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు కదిలితే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టండి. నవ్వొచ్చే సలహా అయినా అది ఇంజిన్ వేడిని లాగేస్తుంది. తగ్గకపోతే పక్కన ఆపండి, రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు. ఎలక్ట్రిక్ కారైతే రెండు టన్నుల బండిని ఆరు వేల అడుగులు ఎత్తడానికే సుమారు 10 కిలోవాట్ అవర్లు అదనంగా పోతాయి, మధ్యలో క్యాంప్ వెర్డీకి దిగి మళ్లీ ఎక్కేది వేరే. 90 శాతం చార్జితో బయల్దేరితే చింత లేదు, తిరుగు దారిలో చాలావరకు వెనక్కి వస్తుంది. చీకట్లో 260 రోడ్డు మీద ఎల్క్ అనే పెద్ద జింకలు అడ్డం వస్తాయి, ఒక్కోటి గుర్రమంత ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం రెండు లోపు బయల్దేరకపోతే రాత్రి ఎనిమిది దాటాక బయల్దేరడమే నయం.

పైకి వెళ్లాక కాలక్షేపానికి లోటు లేదు. లావా రివర్ కేవ్‌లో ఎండాకాలం కూడా 42 డిగ్రీల దాకా చల్లన. మనిషికి రెండు మూడు లైట్లు, గట్టి బూట్లు కావాలి. 1930లో ప్లూటోను కనిపెట్టిన లోవెల్ అబ్జర్వేటరీ ఫ్లాగ్‌స్టాఫ్‌లోనే ఉంది. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఉరుములు మామూలు, కాబట్టి కొండ నడకలు పన్నెండుకల్లా ముగించాలి.

తిరుగు ప్రయాణం ఆదివారం మధ్యాహ్నం పెట్టుకుంటే ఐ-17 మీద బంపరుకు బంపరు. పొద్దున పదింటికి లోపు దిగండి. ఫీనిక్స్ ఇంట్లో ఏసీ పూర్తిగా కట్టేసి రావద్దు, 85 మీద ఉంచండి; లేకపోతే గోడలు, పరుపులు, పప్పుల డబ్బాలు కూడా వేడెక్కి, మళ్లీ చల్లబడటానికి అర్ధరాత్రి అవుతుంది. టైమ్ ఆఫ్ యూజ్, అంటే వాడే వేళను బట్టి రేటు మారే కరెంటు ప్లాన్లలో ఆదివారం సాధారణంగా రేటు పెరిగే పీక్ గంటలుండవు. క్యాంప్ వెర్డీ దాటగానే ఫోన్‌లోంచి 78కి తగ్గించేస్తే తలుపు తీసేసరికి ఇల్లు సిద్ధంగా ఉంటుంది.